అట్ట గొట్టంలో పండుగ దీపం



నవంబరు నెల సగము గడిచేసరికి మా ఇంటిలో ఒక పాత తగాదా మళ్ళీ మొదలవుతుంది. పిల్లలకు కొట్టులో వ్రేలాడే మెరుపు నక్షత్రం కావాలి. మాకేమో నిరుటి నక్షత్రం ఇంకా అటక మీద ఉన్నదని గుర్తు. తీరా అటక ఎక్కి చూస్తే దాని కొమ్ములు రెండు విరిగి, కాగితం చిరిగి ఉంటుంది. "ఇది కడితే అందరూ నవ్వుతారు నాన్నా" అంటారు పిల్లలు. మూడేళ్ళ క్రిందట అట్లాంటి సాయంత్రమే మా చిన్నవాడు ఫ్లెక్సీలు వేసే కొట్టు వెనుకనుండి తన ఎత్తుకు రెండింతలున్న అట్ట గొట్టం ఒకటి ఈడ్చుకొని వచ్చాడు. కొట్టువారు పారవేసినది. దాన్ని వికెట్లుగా పాతుకొని క్రికెట్టు ఆడదామని వాని ఆలోచన. ఆ గొట్టమే ఆ ఏడు మా వసారాకు ఆరు దీపాలైంది. అప్పటినుండి మేము కొట్టులో నక్షత్రం కొనలేదు. ఎలా చేశారో వ్రాయమని స్త్రీల సమాజములోని సహోదరీలు అడుగుతూనే ఉన్నారు గనుక ఈ నెల ఈ పేజీ దానికే ఇస్తున్నాము.

అట్ట గొట్టమంటే చాలామందికి చిన్నచూపు. ఒకసారి చేతిలోకి తీసుకొని దాని అంచు చూడండి. పొరలు పొరలుగా కనబడుతుంది. కాగితపు పట్టీలకు జిగురు రాసి, ఇనుప కడ్డీ చుట్టూ ఏటవాలుగా, ఒక పొర అతుకు మీదికి మరొక పొర వచ్చేటట్లు చుట్టి దీన్ని చేస్తారు. అందుకే నిలువుగా నిలబెట్టి మీద బరువు పెడితే ఓర్చుకుంటుంది. నీళ్ళలో వేస్తే మాత్రం ఒక పూటకే మళ్ళీ కాగితమైపోతుంది. దాని బలమూ బలహీనతా ఈ రెండే.

ఇవి దొరకడం కష్టం కాదు. ఇప్పుడు ప్రతి మండల కేంద్రంలోను ఫ్లెక్సీ కొట్లున్నవి, వారి దగ్గర లావుపాటి గట్టి గొట్టాలుంటాయి. కర్టెను గుడ్డ, రెగ్జిను, నేలమీద పరిచే ప్లాస్టిక్ పరుపులు అమ్మే కొట్లలో పొడవాటివి ఉంటాయి. నేత ఊళ్ళలో ఉన్నవారికి నూలు చుట్టి వచ్చే అట్ట కోన్లు దొరుకుతాయి. వాటికి చేయవలసిన పనే తక్కువ, బోర్లిస్తే అవే గంటలు. పట్నపు పుస్తకాలలో బాత్రూము కాగితం అయిపోగా మిగిలిన గొట్టాలతో చేయమని వ్రాస్తారు. మన పల్లె ఇళ్ళలో ఆ కాగితమే లేదు, ఇక గొట్టం ఎక్కడనుండి వస్తుంది? ఏ కొట్టునుండి తెచ్చినా అడిగి తెచ్చుకోండి. పాత సామాన్లవానికి వేయడానికి ప్రక్కన పెట్టుకొన్నవి కూడా కావచ్చును.

ఒక్క రకము మాత్రం ముట్టవద్దు. దీపావళి మరునాడు వీధులలో ఆకాశంలోకి కాల్చే షాట్ల పెట్టెలు పడి ఉంటాయి. వాటిలో చక్కని చిన్న గొట్టాలు వరుసగా అమర్చి ఉంటాయి గనుక పిల్లలు ఏరి తెస్తారు. ఒక్కొక్క గొట్టంలో పేలని మందు మిగిలి ఉండవచ్చును. వాటిని విప్పడం గాని, కోయడం గాని, ఎండబెట్టడం గాని చేయవద్దు. నీళ్ళలో బాగా నానబెట్టి పారవేయండి.

మేము మొదటిసారి ఈ గొట్టాలను ఆలయములో కడదామన్నప్పుడు ఒక పెద్దాయన, "అయ్యా, దేవుని మందిరానికి అట్టముక్కలా?" అన్నారు. ఆయనకు మేము కోబే పట్టణం సంగతి చెప్పాము. జపాను దేశంలోని ఆ పట్టణాన్ని 1995 జనవరి 17న పెద్ద భూకంపము పడగొట్టింది. వెంట వచ్చిన మంటలలో అక్కడి తకతోరి కేథలిక్ ఆలయం కాలిపోయింది. ఆ సంఘములో వియత్నాం నుండి వచ్చిన కాందిశీకులు కూడా ఉన్నారు. షిగేరు బాన్ అనే వాస్తుశిల్పి వారి వద్దకు వెళ్ళి, కాగితపు గొట్టాలతో కూడుకొనే స్థలం కట్టిస్తానన్నాడు. ఆయన అంతకు చాలా ముందే, 1986లో, ఒక ప్రదర్శనశాల పనిలో కాగితపు చుట్టలు అయిపోగా మిగిలిన గొట్టాలను పారవేయ మనసొప్పక వాడడం మొదలుపెట్టినవాడు. కోబేలో 58 గొట్టాలు నిలిపాడు. ఒక్కొక్కటి 5 మీటర్ల ఎత్తు, అడుగుకు పైగా లావు. కట్టినవారు ఎక్కువమంది ఊరకనే వచ్చి పనిచేసిన యౌవనస్థులు. కొద్ది కాలానికని కట్టిన ఆ మందిరం పదేళ్ళు నిలిచింది. 2005లో విప్పి, గొట్టాలను తైవాను దేశానికి పంపితే, భూకంపము చూసిన ఒక పల్లెలో మళ్ళీ నిలబెట్టుకొన్నారు. మన దేశంలో 2001లో గుజరాతు భూకంపము వచ్చినప్పుడు భుజ్‌లోను ఆయన గొట్టాల ఇళ్ళు కట్టాడు. న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ పట్టణంలో 2011 భూకంపానికి ఆంగ్లికన్ పెద్ద ఆలయము దెబ్బతింటే, 2013లో అట్ట గొట్టాలు వాడి సుమారు 700 మంది కూర్చునే ఆలయము లేపారు. మా పెద్దాయన అంతా విని, "మరి మన గొట్టాలు ఎంత లావున్నాయి?" అని అడిగారు. అంటే ఒప్పుకొన్నట్లే.

ఇక అసలు సంగతికి వస్తాము. ఈ పనిలో కత్తిరించడం, అతికించడం కంటె ముందు చెప్పవలసినది నిప్పును గూర్చి.

మా చిన్నతనాన మా పేటలో అన్నీ తాటాకు ఇళ్ళే. క్రిస్మస్ నక్షత్రమంటే వెదురు బద్దలు కట్టి, గాలిపటం కాగితం అంటించి, లోపల కొవ్వొత్తి నిలిపి, పొడుగాటి గడకు కట్టి ఇంటిముందు నిలబెట్టడం. ఒక ఏడు ఇరవై నాలుగో తేదీ రాత్రి అందరము ఆలయములో ఉండగా గాలి లేచింది. మా పెద్దమ్మ ఇంటి నక్షత్రం గడతో సహా చూరు మీదికి వాలింది. ఎవరో కేక వేశారు. పాట మధ్యలో ఆగిపోయింది. మగవారు పరుగెత్తి ప్రక్క ఇళ్ళ తాటాకు లాగివేశారు గనుక పేట నిలిచింది. ప్రాణాలకు ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రము. కాని ఆ ఇంటిలో తిండికి దాచిన ధాన్యం, కొత్తగా కుట్టించిన బట్టలు, మా అన్నయ్య పదో తరగతి సర్టిఫికెట్టు బూడిదైపోయినవి. ఆ సర్టిఫికెట్టు నకలు కోసం అన్నయ్య ఎన్ని నెలలు తిరిగాడో మాకు తెలుసు. ఆ తరువాత పెద్దమ్మ తన ఇంటికి నక్షత్రం కట్టనివ్వలేదు. పెంకుటిల్లు కట్టుకొన్న తరువాత కూడా, డాబా వేసుకొన్న తరువాత కూడా.

గనుక అట్ట గొట్టంలో కొవ్వొత్తి గాని, ప్రమిద గాని, కిరసనాయిలు దీపం గాని పెట్టవద్దు. "ఒక్క అరగంటే కదా, దగ్గర కూర్చుంటాము" అన్నా వద్దు. పాత తీగ బల్బు కూడా వద్దు. ఆ బల్బు తీసుకొనే కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడిగానే పోతుంది. ఇరుకు గొట్టంలో ఆ వేడి పోయే దారి లేక అట్ట మొదట గోధుమ రంగుకు తిరుగుతుంది, తరువాత మాడుతుంది. జీరో బల్బు అన్నారని ఏమీ లాగదని కాదు. పాతకాలపు జీరో బల్బులు కూడా చెయ్యి చుర్రుమనేంత వేడెక్కేవి.

ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి గనుకనే మేము ధైర్యంగా ఈ పని చెప్పుతున్నాము. నీలి వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. కనుక్కొన్నందుకు జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము ఇచ్చారు. నీలము దొరికినందువలననే తెల్లని ఎల్.ఇ.డి. సాధ్యమైంది. అర వాటు రంగు బల్బు రాత్రంతా వెలిగినా దాని తల గోరువెచ్చగా కూడా ఉండదు.

అయితే చల్లగా ఉన్నదని అపాయం లేదనుకోవద్దు. చవకగా దొరికే సీరియల్ లైట్ల తీగను చాలామంది పిల్లల చేతికిచ్చేస్తారు. బల్బు చిన్నది గనుక కరెంటూ చిన్నదే అనుకుంటారు. ఒక్కొక్క చిన్న బల్బుకు కావలసినది మూడు వోల్టులే గాని, అటువంటివి ఎన్నో వరుసగా కలిపి 230 వోల్టుల ప్లగ్గుకు తగిలిస్తారు. తీగ తొక్క ఎక్కడ లేచినా అక్కడ తగిలేది ఇంటి కరెంటే. దానిని బట్టలు ఆరవేసే ఇనుప తీగకు చుట్టడం మన పల్లెలలో మామూలు. డిసెంబరు మంచుకు ఆ తీగ తడిసి, తెల్లవారి ఇల్లాలు తడి బట్ట దానిమీద వేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వరండా స్తంభాలకు నారతాడు కట్టి దానికి చుట్టండి, ఇనుము వద్దు. చిరిగిన తీగకు బ్లాస్టర్ చుట్టి వాడుకొనేకంటె పారవేయడమే మేలు. కరెంటు స్తంభం నుండి కొక్కెం వేసి పండుగ చేయడం గూర్చి ఈ పత్రికలో వేరే చెప్పనవసరం లేదనుకుంటాము.

చిన్నపిల్లలున్న ఇంట మేము కోరేది సెల్ ఫోను ఛార్జరుకు తగిలించే 5 వోల్టుల దీపాల తీగ. అది పట్టుకొన్నా షాకు కొట్టదు. ఛార్జరు మాత్రం ఇంటిలోపలే, తడి తగలనిచోట, పొడిగా ఉన్న ప్లగ్గులో ఉండాలి. బ్యాటరీలతో వెలిగేవి కూడా దొరుకుతాయి. క్యారల్సుకు వెళ్ళే యౌవనస్థులకు అవి సరిపోతాయి.

ఇప్పుడు పని. లావు గొట్టాన్ని అడుగు చొప్పున కోయాలి. వంకర లేకుండా కోయడానికి ఒక చిన్న ఉపాయం కలదు. దినపత్రిక కాగితాన్ని గొట్టం చుట్టూ చుట్టి, రెండు అంచులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చునేటట్లు జరపండి. ఆ అంచు వెంబడి పెన్సిలు గీత గీస్తే గీత తిన్నగా వస్తుంది. ఇనుము కోసే రంపపు బ్లేడుతో ఆ గీతమీద గొట్టాన్ని త్రిప్పుతూ కొంచెం కొంచెంగా కోయండి. ఒకేచోట లోతుగా దింపితే పొరలు విచ్చుకుంటాయి. కోసిన అంచును ఉప్పు కాగితంతో రుద్దాలి. కోత పని పెద్దవారిది, రుద్దే పని పిల్లలది.

మొదటి ఏడు మేము గొట్టానికి గోనెసంచులు కుట్టే దబ్బనంతో నక్షత్రం ఆకారంలో సన్నని రంధ్రాలు పొడిచాము. ఒక సాయంత్రమంతా పొడిచి, రాత్రి దీపం పెట్టి చూస్తే వెలుగు కనబడలేదు. గొట్టం గోడ మందంగా ఉన్నందువలన సన్నని రంధ్రంలోనుండి వెలుగు ఎదురుగా నిలిచినవానికే కనబడుతుంది, ప్రక్కనున్నవానికి చీకటే. అందుచేత మందపు గొట్టానికి పెన్సిలు పట్టేంత రంధ్రం కావాలి. దానికి వడ్రంగి బరమా ఉత్తమం. లోపల పాత గుడ్డలు గట్టిగా కూరి అప్పుడు పొడిస్తే గొట్టం నొక్కుకుపోదు. పలుచని గొట్టాలకైతే దబ్బనం చాలును.

రంధ్రాలకంటె మాకు కిటికీలే బాగా కుదిరినవి. పదునైన బ్లేడుతో గొట్టానికి మూడు వైపుల నిలువు కిటికీలు కోసి, లోపలి వైపునుండి రంగు కాగితం అంటించాలి. పెండ్లి శుభలేఖలలో వచ్చే పలుచని కాగితం, మిఠాయి పొట్లాలమీది రంగు కాగితం పనికివస్తాయి. గొట్టం లోపల తెల్ల రంగు గాని సున్నం గాని వేస్తే వెలుగు రెట్టింపైనట్లు కనబడుతుంది, ఎందుకంటే గోధుమరంగు అట్ట వెలుగును మింగివేస్తుంది. కొందరు మెరుపు కోసం బిస్కట్టు పొట్లాల వెండి కాగితం లోపల అంటిస్తారు. వెండి కాగితంలో కరెంటు ప్రవహించగలదు. ఇంటి కరెంటుతో వెలిగే బల్బు పెట్టే గొట్టంలో అది వద్దు. పైన అట్ట మూత అతికించి, క్రింద తెరిచి ఉంచండి. మూత మంచును ఆపుతుంది, తెరిచిన నోటినుండి పురుగులు బయటికి పోతాయి. బల్బు బరువు తీగమీద వ్రేలాడకూడదు. గొట్టానికి అడ్డంగా వెదురు పుల్ల గుచ్చి దానికి కట్టండి.

పలుచని గొట్టాలు మిగిలితే నక్షత్రం చేయవచ్చును. అంగుళం వెడల్పున ఉంగరాలుగా కోసి, ఒక్కొక్క ఉంగరాన్ని రెండు వ్రేళ్ళతో నొక్కితే కన్ను ఆకారం వస్తుంది. అటువంటివి ఐదు గాని ఎనిమిది గాని మొనలు మధ్యకు చేర్చి జిగురుతో అంటించి, దారంతో కుట్టి, ఎండిన తరువాత వెనుక వైపు దీపాల తీగ చుట్టాలి. కాగితంతో లెక్కలు నేర్చుకొంటూ చేసిన నక్షత్రాల కథ కూడా ఒకటి కలదు. జర్మనీలోని నీస్కీ అనే ఊరిలో మొరేవియన్ సంఘమువారి బాలుర పాఠశాలలో, 1830 ప్రాంతాలలో, రేఖాగణితం పాఠంలో భాగంగా పిల్లలు అనేక కొమ్ముల కాగితపు నక్షత్రాలు చేశారట. నేడు అనేక దేశాలలో క్రిస్మస్‌కు కట్టే మొరేవియన్ నక్షత్రం ఆ తరగతి గదినుండి వచ్చినదే. మన సండేస్కూలు పిల్లలకు ఎనిమిది ఆకులను సమానంగా అమర్చమని చెప్పి చూడండి, ఎవరికి లెక్కలు వచ్చునో తెలిసిపోతుంది.

జిగురు సంగతి. మైదా జిగురు చవక, బాగా అంటుకుంటుంది. కాని మా మొదటి నక్షత్రాన్ని ఎలుకలు తిన్నాయి. రెండో దానిని బొద్దింకలు. ఇప్పుడు తెల్ల జిగురే వాడుతున్నాము. పైన ఒక పూత వార్నిషు వేసి, రెండు దినాలు నీడన ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే దీపం పెట్టాలి. వార్నిషు పూసినా చూరు క్రిందనే కట్టండి, వాన పడితే తీసి లోపల పెట్టండి.

ఆలయములో మేము చేసినది మరీ సులువు. ఆగమన కాలపు నాలుగు ఆదివారాలకు నాలుగు గొట్టాలు, మెట్లు మెట్లుగా ఎత్తు పెంచుతూ కోసి, తెల్ల రంగు వేసి, బల్లమీద కొవ్వొత్తులవలె నిలబెట్టాము. మొదటి ఆదివారము ఒకదానిలో దీపం, రెండవ ఆదివారము రెండింటిలో. కిటికీలు కోయలేదు, పైన మాత్రం పసుపు కాగితంతో మంట ఆకారం చేసి పెట్టాము. నాలుగవది పొట్టిగా కోసినవారు మేమే. దాని క్రింద పాటల పుస్తకాలు రెండు పెట్టి సరిచేశారు అమ్మగారు.

పెద్దమ్మ సంగతి మిగిలింది. నిరుడు డిసెంబరులో మా పిల్లలు ఒక గొట్టం దీపం తీసుకొని ఆమె ఇంటికి వెళ్ళారు. మేము వద్దన్నాము, ఆమె బాధపడుతుందని. వారు వినలేదు. ఆమె గుమ్మంలో కూర్చుని చాలాసేపు దానిని చూసింది. "ఇందులో వత్తి ఎక్కడుందిరా?" అని అడిగింది. "వత్తి లేదు అమ్మమ్మా, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు చిన్నవాడు. ఆమె మొదట గొట్టం బయట అరచెయ్యి ఆనించింది. తరువాత క్రిందనుండి రెండు వ్రేళ్ళు లోపలికి పెట్టింది. తీయలేదు. అలాగే ఉంచి, "వేడి లేదే!" అన్నది.

ఆ రాత్రి దానిని చూరుకు కట్టనివ్వలేదు. తన మంచం ప్రక్కన స్టూలుమీద పెట్టించుకొన్నది. నడిరాత్రి రెండుసార్లు లేచి తడిమి చూసిందని అన్నయ్య చెప్పాడు. మూడో దినమున తానే వసారాలోకి మార్చమన్నది.

మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత మమ్మల్ని ఆపి, ఈ ఏడు ఎన్ని గొట్టాలు తెచ్చారని అడిగింది. చెప్పాము. "నాకు రెండు కావాలి. ఒకటి వసారాకు, ఒకటి గొడ్ల పాకకు" అన్నది. పాకలో గడ్డి ఉన్నది గదా పెద్దమ్మా అన్నాము. "అందుకే గదరా మిమ్మల్ని అడిగేది. ఆ ఛార్జరుది పెట్టండి, తీగ ఇంటిలోనుండి లాగండి" అన్నది. ఈ శనివారము వెళ్ళి కొలత తీసుకోవాలి.